టిక్కు ఎవరు పెట్టాలి?

అక్టోబరు దాటిందంటే ఆదోని మార్కెట్ యార్డులో కమీషన్ దుకాణం గుమాస్తాకు తల గోక్కునే తీరిక ఉండదు. పత్తి లాట్లు దిగుతుంటాయి, టెండరు పడుతుంది, కాటా వేస్తారు, పొద్దుపోయేలోగా రైతు చేతిలో అమ్మకం లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ పెట్టాలి. సరిగ్గా అలాంటి రోజున ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చి, "కొత్త వెర్షన్ వేస్తానన్నా, ఐదు నిమిషాలే" అంటాడు. తెర మీద పెట్టె తెరుచుకుంటుంది. అందులో నాలుగు టిక్కు గళ్లు, మూడు గుండ్రాలు, అడుగున 'నెక్స్ట్' బటన్. గుమాస్తా చూపు ఆ బటన్ మీదే ఉంటుంది. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. గళ్ల పక్కన ఏం రాసి ఉందో కుర్రాడూ చదవడు, గుమాస్తా చదవడు.

ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. చేతిలో పని ఆగిపోయిన మనిషికి ప్రశ్నలు చదివే ఓపిక ఎక్కడుంటుంది? కాబట్టి ఆ పెట్టెను తయారుచేసే మీరు ఒక సంగతి ఒప్పుకొని మొదలుపెట్టాలి. గడిలో మీరు ముందుగా ఏది పెట్టి పంపితే చాలా దుకాణాల్లో అదే ఖాయమైపోతుంది. డిఫాల్టు అంటే సలహా అని పుస్తకాల్లో రాస్తారు. దుకాణంలో మాత్రం అది నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకున్నది మీరు, దాని కింద బతకాల్సింది వాళ్లు.

ఈ అధ్యాయం ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో కూర్చొని, చుట్టుపక్కల వ్యాపారాలకు చిన్న సాఫ్ట్‌వేర్లు రాసి బతుకుతున్నవారి కోసం. పెద్ద కంపెనీలో ఇన్‌స్టాలర్ తయారీకి విడిగా మనుషులుంటారు. మీ దగ్గర అన్నీ మీరే. ప్రోగ్రాం రాయడానికి ఆరు నెలలు పెట్టి, ఇన్‌స్టాలర్‌కు ఒక సాయంత్రం విదిలిస్తారు. దుకాణదారుకు మీ పనితనం మొదట కనిపించేదేమో ఆ సాయంత్రం చేసిన దాంట్లోనే.

గడి వెనక ఉండిపోయిన తెలుగు

ఒక్క గడి ఎంత పని చెడగొట్టగలదో మన భాషకే అనుభవం ఉంది. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు చోటు దొరికింది. గౌతమి ఫాంటు దానితోపాటే వచ్చింది. అయినా చాలా కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు తెరిస్తే గుణింతాలు ఒకచోట, ఒత్తులు ఒకచోట చెల్లాచెదురుగా కనిపించేవి. అక్షరాలు కుదురుగా రావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ పేజీలో ఒక గడికి టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయాలి. ఆ గడి పక్కన ఇంగ్లీషులో రాసిన మాటల సారం ఇది: సంక్లిష్ట లిపులకు, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు, థాయితో సహా, కావలసిన ఫైళ్లు ఇన్‌స్టాల్ చేయి.

తెలుగు పేరు లేదు. హిందీ పేరూ లేదు. థాయి ఉంది.

తెలుగులో ఒక అర్జీ టైపు చేయాలనుకున్న మనిషి, థాయి అని రాసి ఉన్న గడిలో తన భాష దాక్కుని ఉందని ఎలా ఊహిస్తాడు? ఊహించినా ఎక్స్‌పీ సీడీ ఎక్కడి నుంచి తెస్తాడు? కంప్యూటర్ అమ్మినవాడు సీడీ ఇచ్చిపోతేగా! మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు తెలుగును చేర్చారు, అందుకు శ్రమపడ్డారు. కానీ గడి పేరు తయారీదారు భాషలో ఉంది, టిక్కు ముందుగా లేదు, తర్వాత పెట్టుకుందామంటే సీడీ అడుగుతుంది. మూడూ కలిసి ఆ శ్రమను మన కంటికి కనబడకుండా చేశాయి. తర్వాత వచ్చిన విస్టాలో ఈ తంటా లేదు. ఫైళ్లన్నీ ముందే వేసి ఇచ్చారు. ఇరవై ఏళ్లు దాటిన ముచ్చటైనా, ఇన్‌స్టాలర్ రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

ఏ ప్రశ్నకు ఏ గడి

కమీషన్ దుకాణాల కోసం మీరు ఒక లెక్కల ప్రోగ్రాం రాశారనుకుందాం. ఆదోని యార్డుకు పత్తి, వేరుశనగ, ఆముదాలు ప్రధానంగా వస్తాయి. కొందరు మూడూ చేస్తారు, కొందరు పత్తి ఒక్కటే. ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి వద్దని లేదు కాబట్టి ఇవి టిక్కు గళ్లు. తక్‌పట్టీ ఏ ప్రింటర్ మీద తీయాలి, డాట్ మ్యాట్రిక్స్‌లోనా, లేజర్‌లోనా, థర్మల్‌లోనా? ఇక్కడ ఒకటే జవాబు, కాబట్టి గుండ్రాలు, అంటే రేడియో బటన్లు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసి కూడా తప్పేది ఎక్కడంటే, ఒకటే ఎంచుకోవాల్సిన చోట రెండు టిక్కు గళ్లు పెట్టి, రెండూ టిక్కు చేస్తే ఏమవుతుందో ప్రోగ్రాంకే వదిలేయడం.

ఆదోని నుంచి సుమారు 30 కిలోమీటర్లు పోతే ఎమ్మిగనూరు. అక్కడి లెక్క వేరు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం వల్ల ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. నేత సంఘానికో నూలు దుకాణానికో ప్రోగ్రాం రాస్తే, నూలు ఇచ్చిన లెక్క, మజూరీ, తయారైన గుడ్డ స్టాకు అని మూడు విభాగాలు పడతాయి. నూలు లెక్క చిలపల్లో రాయాలా, కిలోల్లో రాయాలా అన్నది ఇన్‌స్టాల్ చేసేటప్పుడే తేలాలి. మధ్యలో మారిస్తే పాత పుస్తకాలన్నీ తిరగరాయాలి. దీనికి రెండు గుండ్రాలు చాలు. నూలు కౌంట్ల జాబితా పొడుగ్గా ఉంటుంది. దాన్ని గుండ్రాలుగా పరిస్తే పెట్టె నిండిపోతుంది. నాలుగైదు దాటితే డ్రాప్‌డౌన్‌కు మారండి. డ్రాప్‌డౌన్‌లో మూసి ఉన్నప్పుడు ఒకటే కనిపిస్తుంది, మిగతావి ఉన్నాయని కూడా కొందరికి తెలియదు. అందుకని రెండుమూడు జవాబులే ఉన్నచోట దాని జోలికి పోవద్దు.

గడి పక్క మాట విషయంలో ఒక్కటే పట్టింపు. 'బ్యాకప్ వద్దు' అని రాసి గడి పెట్టకండి. వద్దు అన్నదానికి టిక్కు పెడితే వద్దనా, వద్దు అన్నది వద్దనా? 'రోజూ సాయంత్రం బ్యాకప్ తీయాలి' అని రాస్తే సరిపోతుంది.

విండోస్ ఇన్‌స్టాలర్, అంటే ఎంఎస్‌ఐ పద్ధతిలో వచ్చే చెట్టు ఆకారపు జాబితా మీద నాకు ఎప్పుడూ సదభిప్రాయం లేదు. ఒక్కో అంశం పక్కన హార్డ్‌డిస్క్ బొమ్మ, నొక్కితే చిన్న మెనూ, వద్దంటే ఎర్ర ఇంటూ మార్కు. ఎర్ర ఇంటూ చూడగానే ఏదో చెడిపోయిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. అంతకన్నా ప్రమాదం ఆ మెనూలో ఉండే 'అవసరమైనప్పుడు ఇన్‌స్టాల్ చేస్తాను' అనే ఎంపిక. అవసరం ఎప్పుడు పడుతుంది? రాత్రి తొమ్మిదింటికి, సీజన్ మధ్యలో, అసలు సెటప్ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ మీ జేబులో ఉన్నప్పుడు. ఎంఎస్‌ఐ తయారుచేసే విక్స్ పనిముట్టు వాడేవారు ఆ ఎంపికను కనబడకుండా ఆపేయవచ్చు. ఆపేయండి. చెట్టు తప్పనిసరి కాకపోతే అసలు వాడకండి. చిన్న ప్రోగ్రాంకు నాలుగు గళ్ల పేజీ చాలు.

ముందే పెట్టిన టిక్కు

అసలు విషయం ఇది. ఏ గడికి ముందే టిక్కు పెట్టాలి, దేన్ని ఖాళీగా వదలాలి? నేను వాడే కొలత ఒకటే. ఈ గడిని ఎవరూ చూడకుండా వదిలేస్తే నష్టం ఎవరికి? దుకాణానికైతే ఆ నష్టం తప్పేలా ముందే పెట్టి పంపండి. గడి వల్ల లాభం మీకో, మూడో మనిషికో అయితే ఖాళీగా వదిలి అడగండి.

బ్యాకప్ గడి వదిలేస్తే నష్టం దుకాణానిది. టిక్కు ఉండాలి. కంప్యూటర్ వేయగానే ప్రోగ్రాం దానంతటదే తెరుచుకోవడం మీ సరదా. ఖాళీగా ఉండాలి. తప్పుల నివేదికలు మీ సర్వర్‌కు పంపడం మీ అవసరం. అదీ ఖాళీగానే ఉండాలి. రైతు పేరు, ఊరు, బ్యాంకు ఖాతా ఉన్న డేటా అది.

డెస్క్‌టాప్ మీద బొమ్మ సంగతి చూడండి. ఇన్‌స్టాలర్లు తయారుచేసే ఇన్నో సెటప్‌లో విజార్డ్‌తో కొత్త స్క్రిప్టు చేస్తే, డెస్క్‌టాప్ ఐకాన్ పనికి 'అన్‌చెక్డ్' అనే ఫ్లాగు పెట్టి ఇస్తుంది. తెర మీద చెత్త పేరుకోకూడదని దాని ఉద్దేశం, తప్పేమీ కాదు. కానీ మన గుమాస్తాకు ప్రోగ్రాం అంటేనే ఆ బొమ్మ. అది లేకపోతే స్టార్ట్ మెనూలో వెతకడు. "ఏమప్పా, బొమ్మ యాడ పోయింది?" అని ఫోన్ వస్తుంది. అన్‌చెక్డ్ తీసేసి, దాని చోట 'చెక్డ్ వన్స్' ఫ్లాగు పెట్టండి. మొదటిసారి వేసినప్పుడు టిక్కు ఉంటుంది. తర్వాతి వెర్షన్ వేసేటప్పుడు ఉండదు. కాబట్టి కావాలని బొమ్మ తీసేసుకున్నవాడి మీద దాన్ని మళ్లీ రుద్దినట్టు కాదు. ఎవరో రాసిన నమూనాలోని డిఫాల్టును అలాగే దింపుకుంటే, మీ ఊరి మనిషి గురించి ఆ ఎవరో తీసుకున్న నిర్ణయాన్ని మీరు సంతకం పెట్టి పంపినట్టే.

డేటా ఎక్కడ ఉండాలన్నది ఇంకా పెద్దది. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో డేటా పెడితే విస్టా నుంచి విండోస్ అడ్డుపడుతుంది, మామూలు యూజర్‌కు అక్కడ రాసే అనుమతి ఉండదు. సీ డ్రైవ్‌లో ఇంకెక్కడ పెట్టినా మన టెక్నీషియన్ల అలవాటు తెలిసిందే. కంప్యూటర్ మెల్లగా ఉందంటే చాలు, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టేస్తారు. అందుకే డీ డ్రైవ్ ఉంటే డేటాకు అదే డిఫాల్టుగా చూపండి. అయితే గుడ్డిగా డీ అని రాయకండి. ఒకటే భాగం ఉన్న కంప్యూటర్లో డీ అంటే డీవీడీ డ్రైవో, మీ పెన్‌డ్రైవో అవుతుంది. అది స్థిరమైన డిస్కేనా అని స్క్రిప్టులో పరీక్షించి మరీ చూపండి.

ఇంకొన్ని ప్రశ్నలకు నిజాయితీగా పెట్టగల డిఫాల్టే ఉండదు. ఈ కంప్యూటర్ మెయినా, దీనికి కలిసే రెండోదా? మీరు ఊహించలేరు. ఊహిస్తే సగం చోట్ల తప్పుతుంది, తప్పిన చోట రెండు మెయిన్లు తయారై లెక్కలు రెండుగా చీలిపోతాయి. ఇలాంటి చోట రెండు గుండ్రాలూ ఖాళీగా వదలండి. ఇన్నో సెటప్‌లో మీరు సొంతంగా చేర్చే ఇన్‌పుట్ ఆప్షన్ పేజీలో ఏదీ ఎంచుకోకపోతే ఎంపిక విలువ మైనస్ ఒకటి వస్తుంది. నెక్స్ట్ నొక్కినప్పుడు ఆ విలువను చూసి, ఎంచుకునేదాకా ముందుకు వదలకుండా రాసుకోవాల్సింది మీరే. ఇలా ఆపే చోటు ఇన్‌స్టాలర్ మొత్తంలో ఒకటి ఉంటే మనిషి ఆగి చదువుతాడు. ఐదు ఉంటే ఏదో ఒకటి నొక్కుతాడు.

మూడో మనిషి లాభానికి ముందే పెట్టిన టిక్కుకు ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ జావా. ఏళ్లపాటు విండోస్‌లో జావా అప్‌డేట్ చేస్తే ఆస్క్ టూల్‌బార్ అనే అక్కర్లేని సరుకు బ్రౌజర్‌లోకి ఎక్కేది. ఆ గడికి టిక్కు ముందే ఉండేది. ఇడ్లీ అడిగినవాడికి చెప్పకుండా వడ కూడా పెట్టి బిల్లు వేసినట్టు. టిక్కు తీసే అవకాశం ఉందిగా అని వాళ్లు అనవచ్చు. ఆ వాదన ఇప్పుడు కోర్టుల్లో కూడా నిలబడటం లేదు. వెబ్‌సైట్ల కుకీల విషయంలో, ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో తేల్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వినియోగదారుణ్ణి మభ్యపెట్టే 13 రకాల డార్క్ పాటర్న్‌లను పేర్లు పెట్టి నిషేధించింది. అడక్కుండా బుట్టలోకి సరుకు చేర్చడం అందులో ఒకటి. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అంటే మనిషి తానుగా చేసిన స్పష్టమైన చర్య కావాలంటుంది. ఆ సమ్మతి అడిగే మాటలను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చూసుకునే వీలు ఇవ్వాలంటుంది. తెలుగు అందులో ఉందని వేరే చెప్పాలా?

లోపలి పనితనం

ఇన్నో సెటప్‌లో ఎంపికలు రెండు చోట్ల ఉంటాయి. ఏ ఫైళ్లు వేయాలన్నది కాంపోనెంట్స్‌లో, వేసిన తర్వాత ఏ అదనపు పనులు చేయాలన్నది టాస్క్స్‌లో. పత్తి, వేరుశనగ, ఆముదాలు కాంపోనెంట్లు. బొమ్మ, బ్యాకప్ టాస్కులు. రెండింటినీ కలిపేస్తే పేజీ చూసినవాడికి తల తిరుగుతుంది. అసలు ప్రోగ్రాంకు 'ఫిక్స్‌డ్' ఫ్లాగు పెడితే దాని టిక్కు ఎవరూ తీయలేరు. పక్కపక్క అంశాలకు 'ఎక్స్‌క్లూజివ్' పెడితే టిక్కు గళ్లే గుండ్రాలుగా మారతాయి. విడిగా రేడియో బటన్లు గీసుకోనక్కర్లేదు.

ఎంఎస్‌ఐలో ఒక పాత ఉచ్చు ఉంది. చాలామంది ఇందులో పడి రోజులు పోగొట్టుకుంటారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. అక్కడ ప్రతి టిక్కు గడి ఒక ప్రాపర్టీకి కట్టి ఉంటుంది. టిక్కు ఉంటే ప్రాపర్టీకి విలువ ఉంటుంది, లేకపోతే ప్రాపర్టీయే ఉండదు. ప్రోగ్రామర్లకు సున్నా అంటే కాదని అలవాటు. అందుకని ఖాళీ గడి కావాలని ప్రాపర్టీకి సున్నా ఇస్తారు. విండోస్ ఇన్‌స్టాలర్‌కు సున్నా కూడా ఒక విలువే. గడికి టిక్కు పడి వస్తుంది! ఖాళీగా రావాలంటే ఆ ప్రాపర్టీకి ఏ విలువా ఇవ్వకూడదు. కమాండ్ లైన్ నుంచి టిక్కు తీయాలన్నా సున్నా కాకుండా ఖాళీ కొటేషన్లు ఇవ్వాలి. షరతులు రాసేటప్పుడు కూడా సున్నాతో పోల్చకుండా ప్రాపర్టీ ఉందా లేదా అని మాత్రమే చూడండి. ఇంకో సంగతి, ప్రాపర్టీ పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉండాలి. అలా లేకపోతే పెట్టెలో ఎంచుకున్నది అసలు ఇన్‌స్టాల్ జరిగే దశకు చేరదు. తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది, ఎంచుకున్నది మాత్రం జరగదు.

జ్ఞాపకం విషయంలోనూ రెంటికీ తేడా ఉంది. చెక్డ్ వన్స్ పెట్టినవి మినహా, ఇన్నో సెటప్ పోయినసారి ఎంచుకున్న టాస్కులను, కాంపోనెంట్లను తానే గుర్తుపెట్టుకొని కొత్త వెర్షన్ వేసేటప్పుడు అవే చూపిస్తుంది. ఎంఎస్‌ఐ మీ ప్రాపర్టీలను గుర్తుపెట్టుకోదు. రిజిస్ట్రీలో రాసి, మళ్లీ వేసేటప్పుడు చదువుకునే ఏర్పాటు మీరు చేయాలి. చేయకపోతే ఆముదాల విభాగం వద్దనుకున్న దుకాణానికి ప్రతి అప్‌డేట్‌తోనూ ఆముదాలు తిరిగొస్తాయి.

జిన్నింగ్ ఫ్యాక్టరీలో నాలుగైదు కంప్యూటర్లు ఉంటే ఒక్కోదాని ముందు కూర్చొని టిక్కులు పెట్టకండి. మొదటిదాని మీద ఇన్నోతో చేసిన సెటప్‌ను సేవ్-ఇన్ఫ్ స్విచ్‌తో నడిపితే మీ ఎంపికలు ఒక ఫైలులో పడతాయి. మిగతావాటి మీద లోడ్-ఇన్ఫ్ స్విచ్‌తో నడిపితే అవే ఎంపికలు వస్తాయి. పైగా ఏ దుకాణానికి ఏం పెట్టారో మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది.

తెలుగులో అడగడం

ఆదోని కంప్యూటర్లలో విండోస్ దాదాపు అన్నిచోట్లా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇన్నో సెటప్ మామూలుగా విండోస్ భాషను చూసి తన భాషను ఎంచుకుంటుంది. అంటే మీరు కష్టపడి తెలుగు సందేశాల ఫైలు తయారుచేసినా ఇంగ్లీషే ముందు నిలబడుతుంది. భాషను వెతికే పద్ధతికి 'నన్' అని పెట్టి, భాషల జాబితాలో తెలుగును మొదట రాయండి, భాష అడిగే పెట్టె చూపించండి. విండోస్ లెక్కలో తెలుగు సంఖ్య 1098, కన్నడ 1099. సిరుగుప్ప, రాయచూరు వైపు వ్యాపారం ఉన్న దుకాణాల్లో కన్నడం చదివే గుమాస్తాలూ ఉంటారు. రెండో ఫైలు కూడా చేయించి పెట్టడం వ్యాపారానికి మంచిదే.

తెలుగు రాశాక రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, మన ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషు కోసం కొలిచిన గడి ఎత్తులో 'క్వింటాళ్లు', 'తక్‌పట్టీ' అని రాస్తే అడుగు తెగిపోవచ్చు. వరుసల ఎత్తు పెంచి, ఒత్తులు ఎక్కువున్న మాటలతోనే పరీక్షించండి. రెండోది షార్ట్‌కట్ అక్షరం. జిన్నింగ్ ఫ్యాక్టరీలో దూది నుసి పట్టి మౌసు మొరాయిస్తుంది, కీబోర్డే దిక్కు. కానీ కీబోర్డు ఇంగ్లీషులో ఉన్నప్పుడు తెలుగు అక్షరం షార్ట్‌కట్‌గా పనిచేయదు. జపాన్‌వాళ్లు తమ మాట చివర బ్రాకెట్లో ఒక ఇంగ్లీషు అక్షరం పెట్టి ఈ చిక్కు తప్పించుకున్నారు. మనమూ అదే చేయవచ్చు. ట్యాబ్‌తో గడి మీదికి పోయి స్పేస్ నొక్కితే టిక్కు పడుతుందని పెట్టెలోనే ఒక ముక్క రాయండి. చాలామంది ఎంటర్ నొక్కుతారు, టిక్కు పడకుండానే పేజీ దాటిపోతుంది.

భాష మీద పట్టుదల ఎంత దూరం పోగలదో లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌ను చూస్తే తెలుస్తుంది. దాని ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉంది, కానీ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ ఎంచుకుంటేనే. మొత్తం అక్షరాలతో నడిచే పాత తెర మన లిపిని చూపలేదు. అంటే తెలుగు కావాలనుకున్నవాడు ముందు ఒక ఇంగ్లీషు మెనూలో సరైన వరుసను ఎంచుకోవాలి.

అడగకూడనివి

చట్టం మార్చగలిగినదేదీ ఇన్‌స్టాలర్‌లో అడగకండి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. పన్ను శాతాన్ని ఇన్‌స్టాలర్‌లో గుండ్రాలుగా పెట్టినవాళ్లు ఆ వారం దుకాణం దుకాణానికీ తిరగాల్సిందే. రైతు దగ్గర ముడిపత్తి కొంటే కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే పన్ను కట్టాలన్న నిబంధన 2017 నవంబరు 15న, జీఎస్టీ మొదలైన నాలుగున్నర నెలలకు వచ్చింది. ఇవన్నీ ప్రోగ్రాం లోపల, మార్చుకోగలిగే సెట్టింగ్స్‌లో ఉండాలి. జిల్లాల డ్రాప్‌డౌన్ కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, కర్నూలు నుంచి నంద్యాల విడిపోయింది. ఇన్‌స్టాలర్‌లో జాబితాను గట్టిగా అతికించినవారి దగ్గర నంద్యాల రైతు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాడు.

మీ ఇన్‌స్టాలర్ పూర్తయ్యాక, మీ ప్రోగ్రాం ఎప్పుడూ చూడని గుమాస్తా ఒకరిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, మీరు నోరు మెదపకుండా పక్కన నిలబడండి. ఆయన ఎక్కడ ఆగాడో, ఏది చదవకుండా దాటాడో రాసుకోండి. దాటిన ప్రతి గడికీ పైన చెప్పిన కొలత పెట్టండి, నష్టం ఎవరికి అని.

ఇక అన్‌ఇన్‌స్టాల్. ఇన్నో సెటప్ తాను వేయని ఫైళ్లను మామూలుగా ముట్టుకోదు, కాబట్టి దుకాణం డేటా మిగిలే ఉంటుంది. కొందరు శుభ్రత పేరుతో 'డేటా కూడా తీసేయాలా?' అని అడిగే పెట్టె చేరుస్తారు. చేర్చక తప్పదంటే, ఎంటర్ నొక్కితే 'వద్దు' అయ్యేలా రెండో బటన్‌ను డిఫాల్టు చేయండి. ఆ ప్రశ్నకు 'అవును' అన్న జవాబును మాత్రం ఏ దుకాణంలోనూ, ఎవరు అడిగినా, ముందుగా పెట్టి పంపకండి.